తుంటి మార్పిడి తర్వాత నొప్పి, చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తుంటి కీలు మార్పించుకున్నవాళ్లూ, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటే చదువుకోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం మూడు సంగతులు తప్పక చెప్పండి: నొప్పి సరిగ్గా ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే వస్తోంది. "కాలంతా నొప్పి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. గజ్జలోనా, పిరుదులోనా, తొడ మధ్యలోనా అని వేలు పెట్టి చూపిస్తే కారణం సగం దొరికినట్టే.

## ఆస్పత్రిలో ఉన్న రోజులు

ఆపరేషన్ రోజు రాత్రి హాయిగా పడుకున్నారు. తెల్లారేసరికి ఓర్చుకోలేనంత నొప్పి. ఏదైనా తేడా జరిగిందా?

చాలామందికి ఇలాగే ఉంటుంది. వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. కీలు చుట్టూ కండల్లో ఇచ్చిన మత్తుమందు పని కూడా మర్నాటికి అయిపోతుంది. ఆ రెండూ పోయిన గంటల్లోనే అసలు నొప్పి తెలుస్తుంది. మొదటి మూడు రోజులు ఎక్కువగా ఉండి, ఆ తర్వాత రోజురోజుకీ తగ్గుతూ రావాలి.

ఈ రోజుల్లో నొప్పి మందు గడియారం చూసి వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే అదే మాత్ర సగం కూడా పనిచేయదు. ఫిజియో వచ్చి నడిపించడానికి అరగంట, ముప్పావుగంట ముందు ఒక డోసు పడేలా నర్సుతో మాట్లాడుకోండి. ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. చర్మం మీద నేరుగా పెట్టొద్దు.

మత్తు పూర్తిగా దిగింది కానీ పాదం పైకి లేవడం లేదు. వేలాడిపోతోంది.

వెంటనే నర్సుకు, డ్యూటీ డాక్టరుకు చెప్పండి. తెల్లారాక చెబుదాంలే అనుకోవద్దు. తుంటి వెనకగా పోయే సయాటిక్ నరం సాగినా, నలిగినా, చుట్టూ రక్తం గడ్డకట్టి నొక్కినా పాదం పైకి లేవదు. బొటనవేలు పైకి లాగలేరు, పాదం పైభాగం మొద్దుబారినట్టు ఉంటుంది. మత్తు దిగాక బాగా కదిలించిన పాదం కొన్ని గంటల తర్వాత పడిపోయిందంటే అది మరీ తొందరపడాల్సిన విషయం. లోపల రక్తం గడ్డ నరాన్ని నొక్కుతుంటే దాన్ని తీసేయాల్సి రావచ్చు.

కట్టు మరీ బిగుతుగా ఉందేమో, మోకాలి పక్కన బయటివైపు ఏదైనా ఒత్తుతోందేమో చూడమనండి. నరం సాగడం వల్ల వచ్చినదైతే మెల్లగా కోలుకుంటుంది. ఏడాది, ఏడాదిన్నర కూడా పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. ఈలోగా పాదం వేలాడకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకోవాలి. లేకపోతే మడమ వెనక టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) బిగుసుకుపోయి, తర్వాత బలం వచ్చినా పాదం సరిగ్గా ఆనదు.

రెండో రోజు జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షనేనా?

మొదటి రెండు మూడు రోజుల్లో 100, 100.5 డిగ్రీల దాకా వచ్చే జ్వరం ఆపరేషన్‌కు శరీరం స్పందించడమే. గట్టిగా ఊపిరి పీల్చే వ్యాయామం చేయించండి, నీళ్లు తాగించండి. మూడో రోజు దాటాక 101 పైన వస్తే, చలి పుట్టి వణికితే, మూత్రం మంటగా ఉంటే, దగ్గు మొదలైతే కారణం వెతకాలి. మూత్రపు గొట్టం ఉన్నవాళ్లకు చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

నిలబెట్టగానే అమ్మకు కళ్లు తిరిగాయి. నడిపించడం ఆపేయాలా?

ఆపొద్దు. నెమ్మదిగా చేయించండి. రక్తం పోవడం, ఒంట్లో నీరు తగ్గడం, బీపీ మాత్రలు ఎప్పట్లాగే వేసేయడం, నొప్పి మందుల మత్తు, ఇవన్నీ కలిసి బీపీని పడేస్తాయి. ముందు మంచం అంచున ఐదు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించాక లేపండి. హిమోగ్లోబిన్ ఎంత ఉందో, బీపీ మాత్రలు ఇప్పుడు వేయాలో లేదో అడగండి.

## ఇంటికొచ్చాక మొదటి ఆరు వారాలు

నొప్పి మాత్రలు రోజుకు ఎన్ని వేసుకోవచ్చు? మెడికల్ షాపులో ఇంకోటి ఇచ్చారు.

పారాసెటమాల్‌ను ఆరు లేక ఎనిమిది గంటలకోసారి క్రమంగా వేసుకుంటే మిగతా మందుల అవసరం తగ్గుతుంది. పెద్దలకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. వయసు మళ్లినవాళ్లు, 50 కిలోల లోపు బరువున్నవాళ్లు, కాలేయం బాగాలేనివాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు ఇంకా తక్కువ, 2 నుంచి 3 గ్రాముల లోపు, డాక్టరు చెప్పిన లెక్కలోనే ఆగాలి.

చిక్కంతా కలిపి చేసిన మాత్రలతో వస్తుంది. ట్రమడాల్ మాత్రలో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్, అసిక్లోఫెనాక్ మాత్రలో మరో 325 కలిసి ఉండటం మామూలే. వీటితోపాటు 650 మాత్ర కూడా వేసుకుంటే తెలియకుండానే లెక్క దాటిపోతుంది. అట్ట వెనక రాసింది చదవండి.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి కిడ్నీలకు, గుండెకు, కడుపుకు భారం. రక్తం పల్చబడే మందు వేసుకునేవాళ్లకు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వల్ల రక్తస్రావం కూడా కావచ్చు. షాపువాళ్ల మాట మీద వీటిని అదనంగా వేసుకోవద్దు. ట్రమడాల్ వేసుకుంటే మలబద్ధకం దాదాపు తప్పదు. మొదటి రోజునుంచే విరేచనం సాఫీగా అయ్యే సిరప్, నీళ్లు, పీచు ఉండాలి. ముక్కి ముక్కి కూర్చోవడం కొత్త కీలుకు మంచిది కాదు.

కాలు వాచింది. మోకాలి దాకా నల్లగా కమిలింది. భయంగా ఉంది.

తుంటి దగ్గర కారిన రక్తం నేల వైపు లాగినట్టు చర్మం కిందుగా దిగుతుంది. అందుకే తొడ, మోకాలు, ఒక్కోసారి పిక్క దాకా నీలంగా, తర్వాత పచ్చగా మారుతుంది. రెండు మూడు వారాల్లో పోతుంది. వాపు ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. సాయంత్రానికి పాదం బరువెక్కడం మూడు నాలుగు నెలలైనా కనిపిస్తుంది. రాత్రి పడుకుని లేస్తే వాపు తగ్గుతోందంటే మంచి గుర్తు. రోజుకు రెండు మూడుసార్లు వెల్లకిలా పడుకుని కాలిని గుండెకన్నా కాస్త ఎత్తులో ఉంచండి. దిండు ఒక్క మోకాలి కిందే పెట్టొద్దు, తుంటి ముందువైపు బిగుసుకుపోతుంది. మడమ దాకా ఆనేలా పెట్టండి.

పిక్క నొప్పిగా, గట్టిగా ఉంది. రక్తం గడ్డకట్టిందని ఎలా తెలుస్తుంది?

చేత్తో చూసి ఖాయంగా చెప్పలేం. డాప్లర్ స్కాన్ చేయించాలి. అనుమానం రావాల్సినవి: రాత్రి పడుకున్నా తగ్గని వాపు, ఒక పిక్క రెండోదానికన్నా చుట్టుకొలతలో స్పష్టంగా లావుగా ఉండటం, వేడిగా ఉండటం, నొక్కితే లోతుగా నొప్పి. రెండో కాలిలో కూడా గడ్డ రావచ్చు.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం కనిపిస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందనే అనుకుని 108కి ఫోన్ చేయండి.

తుంటి మార్పిడి తర్వాత గడ్డల ముప్పు వారాల తరబడి ఉంటుంది. అందుకే రక్తం పల్చబడే మందును చాలాచోట్ల 35 రోజుల దాకా రాస్తారు. అది రివరాక్సబాన్ 10 మిల్లీగ్రాములు కావచ్చు, అపిక్సబాన్ 2.5 రోజుకు రెండుసార్లు కావచ్చు, ఎనాక్సపారిన్ 40 సూది కావచ్చు, ఆస్పిరిన్ కావచ్చు. "బాగానే నడుస్తున్నారు కదా" అని పదో రోజున ఆపేయడం మేం ఎక్కువగా చూసే పొరపాటు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి రెండు పాదాలనూ 20 సార్లు పైకీ కిందికీ ఆడించాలి.

కుట్ల దగ్గర నీరులాగా కారుతోంది. యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంటే ఆగుతుందా?

మొదటి మూడు నాలుగు రోజులు కట్టుకు కాస్త ఎరుపు, పసుపు మరక అంటడం మామూలే. ఐదు రోజులు దాటాక కూడా కట్టు తడుస్తోందంటే ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించాలి. కారే దారి తెరిచే ఉందంటే బయటి క్రిములు లోపలికి వెళ్లే దారీ తెరిచే ఉన్నట్టు. మాత్రలు వేసుకుంటే పైకి నాలుగు రోజులు ఆగినట్టు కనిపించి, లోపల లోహం మీద క్రిములు పొరలా పేరుకుపోతాయి. ఆ పొరలోకి మందు సరిగ్గా వెళ్లదు. నాలుగో వారం లోపు లోపల కడిగి శుభ్రం చేస్తే కీలును కాపాడుకోగలిగే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే కీలునే తీసేయాల్సి రావచ్చు. ఊళ్లో డాక్టరు దగ్గర పది రోజులు మాత్రలతో గడిపేయడం వల్ల పోయే కాలం ఇదే.

గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాసన వచ్చినా, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా ఆ రోజే వెళ్లండి. పసుపు, పౌడర్, నూనె ఏవీ రాయొద్దు. కుట్లు, స్టేపుల్స్ సాధారణంగా 12 నుంచి 14 రోజులకు తీస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకొన్ని రోజులు ఉంచవచ్చు.

పప్పు, గుడ్లు తింటే చీము పడుతుందని మా పెద్దవాళ్లు పెట్టనివ్వడం లేదు. నిజమా?

చీము క్రిముల వల్ల పడుతుంది. పప్పుకీ గుడ్డుకీ దాంతో సంబంధం లేదు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 90 గ్రాములు అవసరం. ఉత్త చారన్నం, మజ్జిగన్నంతో పథ్యం చేస్తే అందులో సగం కూడా అందదు. అప్పుడు గాయం ఆలస్యంగా మానుతుంది, కండ కరిగిపోతుంది. రెండు గుడ్లు, ఒక కప్పు గట్టి పప్పు, పెరుగు, పాలు, చేప లేక కోడికూర పెట్టండి. శాకాహారులైతే పనీర్, సెనగలు, మీల్‌మేకర్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మోతాదు డాక్టరును అడగాలి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు కాబట్టి, వాళ్లను కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆ మాట ఆయన నోటే చెప్పించండి.

వంగినప్పుడు టక్‌మని శబ్దం వచ్చింది. అప్పటినుంచి కాలు కదపలేకపోతున్నారు.

కొత్త కీలులో తొడవైపు ఉండే బంతి, అది తిరిగే గిన్నెలోంచి జారినట్టే అనుకోండి. భరించలేని నొప్పి, కాలు పొట్టిగా కనిపించడం, పాదం లోపలికి తిరిగిపోవడం దీని గుర్తులు. ముందువైపుకు జారితే పాదం బయటికి తిరుగుతుంది. లేపి నిలబెట్టొద్దు, లాగొద్దు. ఎలా ఉన్న కాలును అలాగే దిండ్లతో ఆనించి 108ని పిలవండి. మత్తు ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు.

ఇలాంటప్పుడు కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకెళ్లాలనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. ఇక్కడ అది పనికిరాదు. లోపల ఉన్నది లోహపు కీలు. ఎక్స్‌రే తీసి, కండలు వదులయ్యేలా మత్తిచ్చి, వచ్చిన దారినే వెనక్కి నెట్టాలి. చేత్తో లాగితే తొడ ఎముక విరగొచ్చు, నరం దెబ్బతినొచ్చు. ఎంత తొందరగా సర్దితే అంత తేలిక. ఒక్కసారి జారిందంటే ఎందుకు జారిందో కూడా తేల్చుకోవాలి: కూర్చున్న తీరా, కండ బలహీనమా, గిన్నె పెట్టిన కోణమా అని. పదేపదే జారుతుంటే మళ్లీ ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే.

కింద కూర్చోవచ్చా? బాసింపట్టు వేసుకుని భోంచేయడం, ఇండియన్ లెట్రిన్, పూజ దగ్గర కూర్చోవడం ఎప్పటినుంచి?

వెనకవైపునుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే (మన దగ్గర ఎక్కువ ఇదే) కోసి కుట్టిన కండలు, పొర అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కీలు జారడం కూడా ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో మూడు పనులు మానాలి: తుంటిని 90 డిగ్రీలకన్నా ఎక్కువ వంచడం, కాలు మీద కాలు వేయడం, ఆపరేషన్ పాదాన్ని లోపలికి తిప్పడం. మూడూ ఒకేసారి కలిసే పనులు మరీ ప్రమాదం. పీట మీద కూర్చుని పక్కన పడ్డ వస్తువు అందుకోవడం, మంచం మీద కూర్చుని కాలి గోళ్లు తీసుకోవడం, చెప్పు పట్టీ పెట్టుకోవడం అలాంటివే.

ఇంట్లో చేయాల్సిన మార్పులు: కూర్చుంటే మోకాళ్లు తుంటికన్నా కిందే ఉండేంత ఎత్తు కుర్చీ, చేతులున్నది. కమోడ్ మీద నాలుగంగుళాల రైజర్, లేదా ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ. కుంగిపోయే నులక మంచం, సోఫా వద్దు. పక్కకు తిరిగి పడుకుంటే రెండు కాళ్ల మధ్య మోకాళ్లనుంచి చీలమండల దాకా దిండు. ఆటోలో తల ముందు పెట్టి ఎక్కొద్దు. వెనక్కి తిరిగి, ముందు సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పండి.

మూడు నెలల తర్వాత సంగతి మీ కీలును బట్టి ఉంటుంది. 36 మిల్లీమీటర్ల పెద్ద బంతి, డ్యూయల్ మొబిలిటీ గిన్నె (బంతి రెండు పొరల్లో తిరిగే రకం) వేసినవాళ్లలో కొందరికి సర్జన్లు సకిలముకిలం కూర్చోవడానికి ఒప్పుకుంటారు. మోకాళ్లు బయటికి తిరిగే ఆ భంగిమ, గొంతుక్కూర్చోవడం కన్నా నయం. ఇండియన్ లెట్రిన్‌ను మాత్రం కుదిరితే పూర్తిగా మానేయడమే మా సలహా. జారే తడి నేల, లోతుగా వంగడం, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం, ఈ మూడూ అక్కడే కలుస్తాయి.

ఆపరేషన్ కాలు పొడవైనట్టుంది. చెప్పుకు ఎత్తు వేయించాలా?

ఇప్పుడే వద్దు. ఏళ్ల తరబడి అరిగి పొట్టిగా ఉన్న కాలు సరిసమానమైతేనే పొడవైనట్టు అనిపిస్తుంది. తుంటి చుట్టూ కండలు బిగుసుకుని నడుము ఒక పక్కకు వంగి ఉన్నా అలాగే తోస్తుంది. వ్యాయామంతో కండలు వదులైతే మూడు నాలుగు నెలల్లో చాలామందికి ఆ భావన పోతుంది. తొందరపడి ఎత్తు వేస్తే వంగిన నడుము వంగినట్టే ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత కూడా తేడా తెలుస్తుంటే నిలబెట్టి తీసిన ఎక్స్‌రేతో కొలిపించండి. ఒక సెంటీమీటరు లోపు తేడాకు శరీరం చాలావరకు అలవాటు పడుతుంది. అంతకు మించితే చెప్పు లోపల ఎత్తు సరిపోతుంది.

తుంటికి ఆపరేషన్ చేస్తే మోకాలు నొప్పి పెడుతోందేమిటి?

తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి. అందుకని తుంటి నొప్పి మోకాలి లోపలివైపు తెలుస్తుంది. ఆపరేషన్‌లో కాలును మెలితిప్పడం, నడక తీరు మారడం వల్ల కూడా మోకాలు నొస్తుంది. ఆరు వారాల్లో తగ్గిపోవాలి. మోకాలే వాచి వేడిగా ఉంటే అది వేరే సంగతి, చూపించండి.

అమ్మను అమెరికా తీసుకెళ్లాలి. విమానం ఎప్పుడు ఎక్కించొచ్చు?

దూరపు ప్రయాణానికి మూడు నెలలు ఆగితే మంచిది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో గడ్డలొస్తాయి, ఇరుకు సీటులో తుంటి ఎక్కువ వంగుతుంది. తప్పనిసరైతే సర్జన్‌ను అడిగి గడ్డల మందు వేసుకుని, నడవా పక్క సీటు తీసుకుని, గంటకోసారి నడవాలి. ఎయిర్‌పోర్టులో మెటల్ డిటెక్టర్ మోగుతుంది. డిశ్చార్జి సమ్మరీ చేతిలో ఉంచుకుని ముందే చెప్పండి.

## ఆరు వారాల నుంచి ఏడాది దాకా

మూడు నెలలైంది. నొప్పి తగ్గింది కానీ కుంటుతూనే ఉన్నారు.

కాలు పక్కకు ఎత్తే పిరుదు కండ బలహీనంగా ఉంటే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు ఎన్నేళ్లు కుంటారో అంత బలం ఆ కండ పోగొట్టుకుని ఉంటుంది. మందుతో రాదు. గోడ పట్టుకుని నిలబడి కాలును పక్కకు ఎత్తి ఐదు లెక్కపెట్టి దించడం, 10 చొప్పున రోజుకు మూడుసార్లు చేయాలి. ఒంటికాలి మీద నిలబడితే నడుము వాలకుండా ఉండేదాకా చేతికర్ర వదలొద్దు. కర్ర ఆపరేషన్ కాలికి ఎదురు చేతిలో ఉండాలి. సగం మంది ఇక్కడే తప్పు చేస్తారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

కూర్చుని లేస్తున్నప్పుడు, కారు ఎక్కేటప్పుడు కాలు ఎత్తితే గజ్జలో పట్టేసినట్టు నొప్పి.

తొడను పైకెత్తే సోయాస్ కండ టెండన్ గిన్నె ముందు అంచుకు రాసుకుంటే ఇలా ఉంటుంది. పడుకుని కాలును తిన్నగా ఎత్తితే గజ్జలో నొప్పి, మామూలుగా నడిస్తే అంతగా ఉండకపోవడం దీని పోలిక. గిన్నె అంచు ఎముకకన్నా బయటికి వచ్చిందేమో సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. ముందు ఫిజియో, తర్వాత స్కాన్ చూస్తూ ఆ టెండన్ చుట్టూ ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ప్రయత్నిస్తారు. అది ఇవ్వబోయే ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవడం తప్పనిసరి, ఎందుకంటే స్టెరాయిడ్ పడితే ఉన్న ఇన్ఫెక్షన్ రగులుకుంటుంది.

ఆ పక్కకి తిరిగి పడుకుంటే తుంటి బయటివైపు ఎముక మీద నొప్పి.

ఎముక మొనకూ పైనున్న కండ పొరకూ మధ్య ఉండే సంచి వాచి ఉండొచ్చు, లేదా పిరుదు కండ టెండన్ నలిగి ఉండొచ్చు. ఐస్, ఆ పక్క పడుకోకపోవడం, తొడ బయటివైపు సాగదీసే వ్యాయామాలతో రెండు నెలల్లో చాలామందికి తగ్గుతుంది.

నడవడం మొదలుపెట్టగానే నాలుగడుగులు తొడ మధ్యలో నొప్పి. తర్వాత సర్దుకుంటుంది.

దీన్ని జాగ్రత్తగా వినాలి. తొడ ఎముక లోపలికి దింపే లోహపు కాడను సిమెంట్ లేకుండా వేస్తే, అది ఎముకతో అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఆ కాలంలో కాడ కొస దగ్గర కొంచెం నొప్పి ఉండి, ఏడాది రెండేళ్లలో పోవడం మామూలే. కానీ మొదట్లో బాగుండి ఇప్పుడే మొదలైనా, నెలనెలా పెరుగుతున్నా కాడ వదులై లోపల కదులుతోందేమో చూడాలి. మొదటి రోజు తీసిన ఎక్స్‌రే పక్కన ఇవాళ్టిది పెట్టి, కాడ కిందికి దిగిందా, చుట్టూ నల్లటి గీత వచ్చిందా అని పోల్చాలి. ఒక్క కొత్త ఎక్స్‌రే చూసి చెప్పడం కష్టం. మొదటి వారాల్లోనే ఉన్నట్టుండి తొడలో తీవ్రమైన నొప్పి వస్తే ఎముకలో సన్నని పగులు కూడా కారణం కావచ్చు.

నొప్పి పెద్దగా లేదు కానీ తుంటి రోజురోజుకీ బిగుసుకుపోతోంది.

కండల్లో కొత్త ఎముక పెరిగి ఉండొచ్చు. వెన్ను బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లకు, ఇదివరకు ఇలా ఎముక పెరిగినవాళ్లకు ముప్పు ఎక్కువ. అలాంటివాళ్లకు ఆపరేషన్ అయిన వెంటనే కొన్ని వారాలు ఇండోమెథాసిన్, లేదా ఒక డోసు రేడియేషన్ ఇచ్చి ఆపుతారు. పెరిగిపోయాక మాత్రలతో కరగదు. బలవంతంగా వంచి మర్దన చేయించొద్దు.

ఇప్పుడు రెండో తుంటి కూడా నొప్పి పెడుతోంది. బరువంతా దాని మీద వేయడం వల్లేనా?

అది ఒక కారణం కావచ్చు. కానీ మొదటి తుంటి రక్తం అందక ఎముక చచ్చుబడిపోవడం వల్ల (ఏవీఎన్) మార్చినదైతే రెండోదానికీ అదే జబ్బు ఉండే అవకాశం సగానికి పైనే. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, మన్యంలో, ఆదిలాబాద్ వైపు ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బున్నవాళ్లు ఆలస్యం చేయొద్దు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది.

## ఏళ్ల తర్వాత

పన్నెండేళ్లు బ్రహ్మాండంగా నడిచారు. ఇప్పుడు గజ్జలో నొప్పి మొదలైంది.

గిన్నె లోపలి ప్లాస్టిక్ అరిగితే వచ్చే సన్నని పొడిని శరీరం శత్రువుగా చూస్తుంది. ఆ పోరులో చుట్టూ ఉన్న ఎముకే తినేయబడుతుంది, గిన్నె వదులవుతుంది. గజ్జ నొప్పి ఎక్కువగా గిన్నెనుంచి, తొడ నొప్పి ఎక్కువగా కాడనుంచి వస్తుంది. ఎముక కరగడం చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. అందుకే బాగున్నా రెండు మూడేళ్లకోసారి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఎముక మిగిలి ఉండగా చేసే రివిజన్ (కీలును మళ్లీ మార్చే ఆపరేషన్) వేరు, అంతా కరిగాక చేసేది వేరు.

కాలి పుండు చీము పట్టింది. వారానికి ఆపరేషన్ తుంటిలో విపరీతమైన నొప్పి.

రక్తంలోంచి క్రిములు కీలుకు చేరి ఉండొచ్చు. ఇరవయ్యేళ్ల తర్వాతైనా ఇలా జరుగుతుంది. షుగర్ పుండ్లు, పుచ్చు పళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, సెగ్గడ్డలు దారులు. జ్వరం లేకపోయినా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి. నొప్పి మొదలైన మూడు వారాల లోపు కడిగితే కీలు నిలిచే అవకాశం ఉంటుంది.

నడుస్తూ జారిపడ్డారు. "చిన్న దెబ్బే" అంటున్నారు కానీ కాలు మోపడం లేదు.

తొడ ఎముక మొత్తం, మోకాలి దాకా ఎక్స్‌రే తీయించండి. లోపలి కాడ కొస దగ్గరే ఎముక ఎక్కువగా విరుగుతుంది. తుంటి ఒక్కదానికే తీస్తే ఆ విరిగిన చోటు కనపడకుండా పోవచ్చు. కాడ గట్టిగా ఉంటే ప్లేటు, తీగలతో కడతారు. వదులైతే పొడవాటి కొత్త కాడ వేయాలి. కాడ సంగతి తేల్చకుండా ప్లేటు ఒక్కటే వేస్తే అది విరిగిపోతుంది.

2010కి ముందు లోహం మీద లోహం కీలు వేశారు. ఏం చేయించుకోవాలి?

బంతి, గిన్నె రెండూ కోబాల్ట్ క్రోమియం అయితే రాపిడికి ఆ లోహాలు రక్తంలోకి, చుట్టూ కండల్లోకి చేరతాయి. డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే ఇలాంటి కీళ్లను, ఎక్కువమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తోందని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలో సుమారు 4,700 మందికి అవి వేశారు. నొప్పి లేకపోయినా రక్తంలో కోబాల్ట్, క్రోమియం కొలిపించుకోండి. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే లోహపు నీడ తగ్గించే పద్ధతిలో ఎంఆర్ఐ తీయించి సర్జన్‌కు చూపించాలి. పాత కాగితాల్లో ఏఎస్ఆర్ అని ఉందేమో వెతకండి.

నాన్నగారికి ఎముక విరిగినప్పుడు బంతి ఒక్కటే మార్చారు. ఇప్పుడు గజ్జలో నొప్పి.

సగం మార్పిడిలో లోహపు బంతి సొంత గిన్నె మృదులాస్థి మీదే తిరుగుతుంది. బాగా నడిచే మనిషికి కొన్నేళ్లలో అది అరుగుతుంది. అప్పుడు నడిస్తే గజ్జ నొస్తుంది. మనిషి ఆరోగ్యం బాగుంటే గిన్నె కూడా వేసి పూర్తి మార్పిడి చేస్తారు. పాత ఆస్టిన్ మూర్ రకం కాడలు వదులై తొడ నొప్పి ఇవ్వడం కూడా ఎక్కువే.

## పరీక్షలు, మళ్లీ ఆపరేషన్

ఇన్ఫెక్షన్ జాడ చూసే రక్తపరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్ఆర్ ఎంత ఉంటే భయపడాలి?

ఆపరేషన్ తర్వాత సీఆర్‌పీ రెండు మూడు రోజుల్లో బాగా పెరిగి, ఆరు వారాల్లోపు మామూలుకు వస్తుంది. ఈఎస్ఆర్ నెలల తరబడి ఎక్కువే ఉంటుంది. ఆ గడువు దాటాక సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు, ఈఎస్ఆర్ 30 దాటితే ఇన్ఫెక్షన్ ఉందేమో వెతకాలి. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని డెసిలీటరులో ఇస్తాయి. అక్కడ 1 అంటే ఇక్కడ 10. రిపోర్టు చదివే ముందు ఆ కొలత చూడండి. కీళ్లవాతం ఉన్నవాళ్లకు రెండూ ఎప్పుడూ ఎక్కువే ఉండొచ్చు. రెండూ మామూలుగా ఉన్నా ఇన్ఫెక్షన్ లేదని నూటికి నూరుపాళ్లు చెప్పలేం.

కీలులోంచి సూదితో నీరు తీస్తామన్నారు. ఈలోగా యాంటీబయాటిక్ మొదలుపెడదామా?

మొదలుపెట్టొద్దు. మందు పడితే కల్చర్‌లో (క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) క్రిమి పెరగదు, ఏ మందుకు లొంగుతుందో తెలియదు. కనీసం రెండు వారాలు ఏ యాంటీబయాటిక్కూ పడకుండా ఉన్నాక నీరు తీస్తేనే ఫలితం నమ్మదగ్గది. ఒళ్లు కాలిపోయే జ్వరం, బీపీ పడిపోవడం ఉన్నవాళ్లకు మాత్రమే ఇది వర్తించదు, వాళ్లకు ప్రాణం ముందు. తీసిన నీటిలో తెల్లకణాల లెక్క కూడా చేయమనండి. కల్చర్‌ను 14 రోజులు ఉంచమని అడగండి. కొన్ని క్రిములు అంత మెల్లగా పెరుగుతాయి.

ఇన్ఫెక్షన్ అని తేలింది. కీలు తీసేయక తప్పదా?

కొత్తగా వచ్చినదైతే తెరిచి కడిగి, బంతి, లోపలి ప్లాస్టిక్ మార్చి, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి కాపాడే ప్రయత్నం చేస్తారు. పాతబడితే తీయాల్సిందే. సాధారణంగా రెండు విడతలు: మొదట కీలు తీసి మందు కలిపిన సిమెంట్ ముక్క పెడతారు, ఇన్ఫెక్షన్ అణిగాక కొన్ని వారాలకో నెలలకో కొత్త కీలు వేస్తారు. క్రిమి ముందే తెలిసి, చుట్టూ కండలు బాగుంటే ఒకే విడతలో చేసే సర్జన్లూ ఉన్నారు. ఈ మధ్యకాలంలో షుగర్‌ను అదుపులో ఉంచడం, తిండి బాగా పెట్టడం ఇంటివాళ్ల చేతిలో ఉన్న పని, దానికి చాలా విలువ ఉంది.

ఎక్స్‌రే, రక్తం అన్నీ నార్మల్. నొప్పి మాత్రం నిజం. ఎవరూ నమ్మడం లేదు.

నమ్మాలి. తుంటి మార్పిడి అయినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతుంది. ముందుగా నడుము చూపించండి. పిరుదునుంచి మోకాలు దాటి పాదం దాకా దిగే నొప్పి, తిమ్మిరి, నిలబడితే పెరిగి కూర్చుంటే తగ్గే నొప్పి వెన్నుదే అయ్యుండొచ్చు. ఆపరేషన్‌కు ముందున్న నొప్పే మార్పు లేకుండా కొనసాగుతోందంటే అసలు కారణం తుంటి కాదేమో ఆలోచించాలి. కీలులోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే, కాసేపు నొప్పి మాయమైతే కారణం కీలులోనే, లేకపోతే బయట. మంట, సూదులు గుచ్చినట్టు ఉంటే నరాల నొప్పికి ప్రెగాబాలిన్ లాంటివి ప్రయత్నిస్తారు. కారణం దొరకకుండా "తెరిచి చూద్దాం" అనే రివిజన్‌కు మాత్రం ఒప్పుకోవద్దు. అలా చేసినవాళ్లలో నొప్పి తగ్గడం అరుదు.

ఏ కాగితాలు దాచుకోవాలి?

ఇంప్లాంట్ స్టిక్కర్లు అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీ, సైజు, బంతి వ్యాసం, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. అవి లేకపోతే రివిజన్ చేసే సర్జన్ ఏ పనిముట్టు తెప్పించుకోవాలో తెలియక మొత్తం కీలు పెకలించాల్సి రావచ్చు. ఆపరేషన్ నోట్స్, మొదటి ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ కూడా అడిగి తీసుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు కొన్నేళ్లకు మసకబారతాయి కాబట్టి ఈరోజే అన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి.